మగ్గం కింద పిల్లి

హిందూపురం మెయిన్ బజారులో ఒక చీరల అంగడి అద్దం ముందు నేను నిలబడిపోయిన దగ్గర పోయిన వారం మీరూ నేనూ విడిపోయాం. ఆ అద్దం వెనక వేలాడుతున్నది నా చీర. ఇంకా మగ్గం దిగని చీర. ధర్మవరంలో రామాంజినేయులు ఇంట్లో, ఒకే ఒక మగ్గం మీద, పెనుకొండ పెళ్లివారి కోసం నేయిస్తున్నది. "ఇట్లాంటిది ఇంకొకరి ఒంటిమీద కనపడదమ్మా" అని పెళ్లికూతురి తల్లికి మాటిచ్చి తెచ్చుకున్న పని. అసలుది మగ్గం మీద ఉండగానే నకలు మరమగ్గం దిగి బజారుకెక్కింది.

నాకు కోపం వస్తే నోరు లేవదు, బుర్ర లెక్కలోకి దిగుతుంది. ఇల్లు చేరేదాకా బస్సులో అదే పని. నకలులో అంచు నాదే, ఒంటిమీద బుటాలు నావే. కొంగు మాత్రం నాది కాదు. అడ్డగీతలు గీసి చేతులు దులుపుకున్నారు. డిజైను చిల్లులు పొడిచిన జకార్డు అట్టలు దొంగిలించి ఉంటే కొంగులోని గండభేరుండం కూడా వాళ్ల చేతికి వచ్చేది. రాలేదంటే ఆ సమయానికి అది నేత పడలేదు. దొంగ చూస్తున్నది అట్టలను కాదు. మగ్గం మీద ఎంత నేస్తే అంత, ఎప్పటికప్పుడు చూస్తున్నాడు.

అట్లా చూడగలిగేది రామాంజినేయులు, అతని భార్య మునెమ్మ, ఇద్దరే.

మా ఊళ్లో వ్యాపారికి నేతగాడి మీద నమ్మకం పోతే గొడవ పెట్టుకోడు. పోయి మగ్గం మీద నిలువుగా సాగదీసిన పడుగు దారాలను తన చేత్తో కోసేస్తాడు. పట్టు వ్యాపారిది కాబట్టి అడిగేవారు ఉండరు. కానీ ఒకసారి పడుగు కోయించుకున్న మగ్గానికి ఇంకో వ్యాపారి పట్టు ఇవ్వడు. ఆ ఇంటివాళ్లు మూటాముల్లె సర్దుకుని బెంగుళూరు రైలెక్కి, ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గరో కుర్చీ వేసుకోవాల్సిందే. ఇది తెలిసే నేను కత్తెర సంచిలో పెట్టుకున్నాను. ఆపింది, మొన్న పని చూసే వంకతో పోయినప్పుడు మునెమ్మ నోట జారిన ఒక్క మాట. "మా ఇంటికి ఎవరొస్తారన్నా? ఆదివారమాదివారం పిల్లిని చూసేకి బెంగుళూరోళ్లు వస్తారు, అంతే."

పిల్లిని చూడడానికి రైలు ఖర్చు పెట్టుకుని ఎవరొస్తారు? నా బుర్రకు ఎక్కలేదు. ఎక్కని బేరంలో మోసం ఉంటుందని నా అనుభవం. అందుకే ఆదివారం పొద్దున కత్తెర సంచి చంకన పెట్టుకుని రైల్వేస్టేషను దగ్గరికి పోయాను.

ఆ బెంగుళూరోళ్లను వెంట నడిపించే అమ్మాయి పేరు యామిని. పెనుకొండ పిల్ల. బెంగుళూరులో చేస్తున్న ఉద్యోగం మానేసి వచ్చిందట. శనివారం పెనుకొండ కోట సందుల్లో, ఆదివారం ధర్మవరం వీధుల్లో జనాన్ని వెంటేసుకుని పిల్లులను చూపిస్తుంది. కాళ్లకు బూట్లు, తలకు టోపీ, చేతిలో చిన్న జెండా. దాని మీద పిల్లి బొమ్మ.

నన్ను చూసి మొహం విప్పారింది. "మీరూ వస్తారా సార్? ఊరోళ్లు రావడం ఇదే మొదుటిసారి."

"దుడ్లు ఎంత పాపా?"

"ఊరోళ్లకు ఫ్రీ సార్."

అక్కడే నా అనుమానం ఇంకొంచెం ముదిరింది. ఊరికే ఇచ్చేవాడు ఇంకెక్కడో రాబట్టుకుంటాడు. నేనూ అదే చేస్తాను గనక నాకు తెలుసు.

బయల్దేరాం. టీ అంగడి బిస్కెట్ డబ్బా మీద కూర్చున్న నల్లపిల్లిని చూపించి, "దీని పేరు ఇన్‌స్పెక్టర్. అంగట్లోకి వచ్చేవాళ్లనంతా పైనుంచి కిందికి చూస్తాది" అంది యామిని. అందరూ నవ్వి ఫోటోలు తీశారు. టీ అంగడి ఈశ్వరప్ప నన్ను గుర్తుపట్టి కేకేశాడు.

"ఏమప్పా నాగభూషణం! నువ్వు గూడా పిల్లుల యాపారం మొదులుపెట్టినావా?"

"మొదులుపెడితే నీ ఇన్‌స్పెక్టర్ని ఎంతకిస్తావబ్బా?"

"తీస్కపో సామీ. పాలు మిగుల్తాయి."

నవ్వాను గానీ కళ్లు పనిలోనే ఉన్నాయి. వచ్చినవాళ్లలో ఎవడు గోడలు చూస్తున్నాడు, ఎవడు పిల్లులను చూస్తున్నాడు, అదే నేను చూస్తున్నది. మెడలో కెమెరా వేసుకున్న ఒక గడ్డం మనిషి మీద నా దృష్టి నిలిచింది. పిల్లి కనపడితే చాలు నేల మీద బోర్లా పడుకునేవాడు. పట్టు పురి తిప్పే షెడ్డు దగ్గర కూడా అదే పని. కండెల బుట్టలో చారల పిల్లి నిద్రపోతుంటే, "పట్టును ఎలుకలు కొరక్కుండా ఇది కాపలా" అని యామిని చెబుతోంది. అందులో అబద్ధం లేదు. మా ఊళ్లో నేతగాళ్లు పిల్లిని తరమరు. తరిమేది మాలాంటి వ్యాపారులే. గోరు తగిలితే మడత చీర చెడుతుంది. పెళ్లైన కొత్తలో నా భార్య ప్రేమలత పిల్లిని పెంచుకుంటానని అడిగింది. సరుకుండే ఇంట్లో వద్దన్నాను. మళ్లీ ఆమె అడగలేదు.

చివరికి రామాంజినేయులు ఇంటికి చేరాం.

తలుపు దగ్గర మునెమ్మ నన్ను చూసి చప్పున పైట సర్దుకుంది. రామాంజినేయులు మగ్గం దిగి నిలబడ్డాడు. అతని చూపు నా మొహం మీద ఒక క్షణం ఆగి, నా చంకలోని సంచి మీదికి పోయింది. మగ్గం మీద నేతనంతా మునెమ్మ అప్పటికే పాత పంచెతో కప్పేసింది. ఒక మూల కూడా బయటికి కనపడడం లేదు. పంచె కొసలు లోపలికి దోపి మరీ కప్పింది. నిజం చెప్పాలంటే నాకు ఆశాభంగమే అయింది. ఇంత జాగ్రత్తగా కప్పిన మనిషిని ఏమని అడగాలి?

"పిల్లి యాడ?" అన్నాను.

"ఈడే గుంటలో ఉండాది సార్" అంది యామిని. "ఈనింది కదా, పిల్లల్ని వదిలి బయటికి రాదు. మెల్లగా చూడాల, అరవగూడదు."

మా మగ్గాలు గుంట మగ్గాలు. నేలలో గుంత తీసి, నేతగాడు అందులోకి కాళ్లు దించి కూర్చుంటాడు. గుంట వెచ్చగా, చీకటిగా ఉంటుంది. పిల్లి ఈనడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. గడ్డం మనిషి అలవాటు ప్రకారం బోర్లా పడుకుని, ఫోన్ పట్టుకున్న చెయ్యి గుంటలోకి దించి, పైకి తిప్పి నొక్కాడు. లోపల తెల్లగా ఒక మెరుపు మెరిసింది.

నేత తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మా వీధిలో జరీ చీరను బోర్లా నేస్తారు. నేతగాడి కళ్ల ముందు ఉండేది వెనకవైపు, దారాల తోకలు. చీర అసలు మొహం కిందికి తిరిగి గుంటలోకి చూస్తుంటుంది. పని సరిగ్గా వస్తోందో లేదో చూసుకోవాలంటే నేతగాడు కూడా అద్దం ముక్క కింద పెట్టి చూసుకోవాలి. అయినా బయటివాళ్లు వస్తే మేం కప్పేది పైభాగాన్నే. మా నాయన కాలం నుంచీ పైభాగాన్నే. కింద కప్పాలని ఇంతవరకు ఎవరికీ తోచలేదు. గుంటలోకి ఎవరు దిగి చూస్తారు?

"ఒకసారి ఆ ఫోటో చూపిస్తారా?" అన్నాను.

గడ్డం మనిషి సంతోషంగా ఫోన్ నా చేతికిచ్చాడు. పిల్లి పచ్చని కళ్లు, దాని కడుపులో తల దూర్చిన మూడు పిల్లలు. వాటి పైన, కప్పు వేసినట్టు, నా గండభేరుండం. రెండు తలలు, విప్పిన రెక్కలు, రెక్క రెక్కలో మామిడిపిందెలు. జరీ పోగు పోగునా వెలుగు పడి, అంగట్లో దీపాల కింద పరిచి చూపించినా అంత బాగా కనపడదు. ఈ వారమే మగ్గం మీదికి వచ్చిన కొంగు. హిందూపురం నకలుకు తక్కువైంది అదొక్కటే.

చుట్టూ వాళ్లు "అయ్యో, ఎంత ముద్దుగున్నాయో" అంటున్నారు. నేను ఫోన్ తిరిగి ఇవ్వలేదు.

జనాన్ని వీధి చివర టిఫిన్ అంగడికి పంపించి యామినిని ఆగమన్నాను. ఆ ఇంట్లో మేం నలుగురం మిగిలాం.

"ఎవరికి అమ్ముతాండావు పాపా?"

"ఏమి సార్?"

"ఈ ఫోటోలు."

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "నేను పిల్లుల్ని చూపిస్తాండా సార్. మీ చీరల్ని కాదు. నాకు పట్టుకూ ప్లాస్టిక్కుకూ తేడా గూడా తెల్దు."

"ప్రతి ఆదివారం ఈ గుంటలో ఫోటో తీస్తారా?"

"తీస్తాం. తీయాల." ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. "ఒక్కో పిల్లిని ఒక్కొక్కరు దత్తత తీసుకుంటారు సార్. తిండి వాళ్లే పంపిస్తారు. మేం ఆదివారం ఫోటో పంపిస్తాం. ఈ పిల్లిని ఒకరు తీసుకున్నారు."

"ఎవరు?"

"తెల్దు. పేరు పెట్టలే. మెసేజ్‌లే. ఫోన్ చేస్తే మోగుతాది గానీ ఎత్తరు. 'దాన్ని బయటికి లాగొద్దు, పిల్లల తల్లి, ఉన్నచోటనే తీయండి' అని ప్రతిసారీ రాస్తారు. మంచి మనసున్నోళ్లు అనుకున్నా."

మంచి మనసు. ఉన్నచోటనే, అంటే గుంటలోనే తీయండి. బేరం కుదిర్చినవాడెవడో బాగా కుదిర్చాడు. బుటాలు ఒక ఆదివారం, అంచు ఒక ఆదివారం, ఈ ఆదివారం కొంగు.

ఫోన్‌లో బొమ్మ ఇంకా నా చేతిలోనే ఉంది. గడ్డం మనిషి దాన్ని నాకే వదిలేసి ఇడ్లీలకు పోయాడు. బొమ్మను వేళ్లతో పెద్దది చేశాను. పిల్లి మెడకు ఏదో మెరుస్తోంది.

"మునెమ్మా, దాన్ని ఒకసారి ఎత్తుకో."

"రక్కుతాదన్నా."

"నువ్వంటే రక్కదులే."

ఆమె గుంటలోకి వంగి, "రా తల్లీ, రా" అని బుజ్జగిస్తూ పిల్లిని పైకి తీసింది. మెడకు వేలెడు వెడల్పున ఒక గుడ్డపేలిక. వంకాయ రంగు పట్టు, నడుమ జరీ గీత.

"ఇదెవరు కట్టినారు?"

"ఆ దత్తత తీసుకున్నోళ్లే సార్" అంది యామిని. "తిండి కవర్లో పెట్టి పంపించినారు. బస్సులో వచ్చింది, కండక్టర్ చేతికిచ్చినారు. మెడకు కట్టమని రాసినారు. పిల్లి తమదని గుర్తుగా ఉంటాదని."

నేను పేలికను వేళ్ల మధ్య పెట్టి రుద్దాను. రుద్దకపోయినా తెలుసు. ఈ చీర నేతకు ముందు రామాంజినేయులు అంచు మచ్చు ఒక్కటి నేశాడు. వంకాయ రంగు. నాకు నచ్చలేదు. నేరేడు పండు రంగుకు మార్చమన్నాను. అందుకే మగ్గం మీది చీరకు నేరేడు అంచు. వంకాయ అంచు ప్రపంచంలో ఆ మచ్చు ఒక్కదానికే. దాన్ని నా ఎదుటనే మగ్గం నుంచి కోయించి, మడిచి, ఇంటికి పట్టుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ బీరువాకు తాళంచెవులు రెండు. ఒకటి నా మొలతాడుకు ఉంది. రెండోది పోయిందని ఉగాది రోజుల్లో ప్రేమలత చెప్పింది. ఉన్నది నా దగ్గరే ఉంది కదా అని కొత్తది చేయించలేదు.

రామాంజినేయులు అప్పుడు నోరు విప్పాడు. చాలా మెల్లగా.

"నీ సంచిలో ఉండేది కత్తెరని నాకు తెలుసన్నా."

నేను సంచిని ఇంకో చంకకు మార్చుకున్నాను.

"నువ్వు పిల్లుల్ని చూసేకి వచ్చే మనిషివా? గడప తొక్కినప్పుడే అనుకుంటి. కోస్తే కోయి. అయితే ఒగటి చెప్పి కోయి. ఏం తప్పు చేస్తిమి?"

మునెమ్మ పిల్లిని గుండెకు పొదువుకుని నిలబడి ఉంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. నీళ్లుంటే నాకు సులువయ్యేది. పిల్లి నా వైపు చూసి ఒకసారి అరిచింది, కింద పిల్లలు బదులిచ్చాయి.

"కోయను" అన్నాను. "ఇప్పుడు కోయను."

"ఇప్పుడంటే?"

"సాయంత్రం దాకా ఆగబ్బా."

అతను తల ఊపాడు. నమ్మినట్టు కాదు, విన్నట్టు. కత్తెరను అక్కడ వదిలేసి వస్తే బాగుండేదని తర్వాత అనిపించింది. ఆ క్షణాన అది సంచిలోనే ఉండిపోయింది. ఎదుటివాడు దొంగ కాదని తేలడం వేరు, దొంగ దొరకడం వేరు. సగం లెక్కకు నేనెప్పుడూ సంతకం పెట్టలేదు.

గడ్డం మనిషి ఫోన్‌లోని ఫోటోను అప్పటికప్పుడు చెరిపేయించాను. రామాంజినేయులు భుజం మీది తువ్వాలు అడిగి తీసుకుని, గుంటలోకి దిగి, నేత కింద నేనే కట్టాను. నడుము పట్టేసింది. పైకి చూస్తే గండభేరుండం బదులు గళ్ల తువ్వాలు. పిల్లిని మళ్లీ లోపలికి వదిలి, యామిని చేత ఇంకో ఫోటో తీయించాను.

"దీన్ని ఇప్పుడే పంపొద్దు. నేను మధ్యాన్నం నీకు మిస్డ్ కాల్ ఇస్తా. అప్పుడు పంపు. పంపిన వెంటనే ఫోన్ చెయ్యి. ఎత్తకపోయినా చేస్తానే ఉండు."

ఆమె తన నంబరు నా ఫోన్‌లో నొక్కి ఇచ్చింది. "ఎవరని అనుకుంటాండారు సార్?"

"అనుకునే దశ దాటిపోయింది పాపా. ఇంటికి పోతాండా."

దారి పొడుగునా నా మనసులో మెదిలింది ఒకే పేరు. సాయిప్రసాద్, నా కొడుకు. పోయిందన్న తాళంచెవి వాడికే దొరికి ఉండొచ్చు. వారానికోసారి హిందూపురం పోయేది వాడే. "నాయనా, ఒక చీరకు నెల్లాళ్లు కూర్చుంటే మనం యాడికి పోతాం? మరమగ్గాలు పెడదాం" అని నా చెవిలో పోరేది వాడే. నేను వద్దన్నాను. వద్దన్నదాన్ని వాడు ఇంకొకరి గొడుగు కింద మొదలుపెట్టి ఉంటే? సొంత కొడుకు మీద అనుమానం పడడానికి తండ్రికి మనసెట్లా ఒప్పిందని మీరు అడగొచ్చు. ఒప్పలేదు. అయినా లెక్క అటే పోతోంది.

ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. నడవలో ఆకులు వేసి ఉన్నాయి. సాయిప్రసాద్ కూర్చుని ఉన్నాడు, వాడి ఫోన్ ఆకు పక్కనే బోర్లా పెట్టి ఉంది. ప్రేమలత ఫోన్ కిటికీ గట్టు మీద, ఎప్పుడూ ఉండే చోటే.

"పొద్దున్నుంచి యాడికి పోయింటివి?" అంది ప్రేమలత.

"పిల్లుల్ని చూసేకి."

సాయిప్రసాద్ గట్టిగా నవ్వాడు. "నువ్వా నాయనా? పిల్లి కనపడితే చెప్పు తీసే మనిషివి!"

"బెంగుళూరోళ్లు దుడ్లిచ్చి చూస్తాండారు. మనకు ఊరికే చూపిస్తామంటే పోకుండా ఉంటానా?"

"ఏమేమి చూసినావు?" ప్రేమలత నా ఆకులో రాగిముద్ద పెడుతూ అడిగింది. మామూలుగానే అడిగింది.

"రామాంజి ఇంట్లో ఒగటి ఈనింది. మూడు పిల్లలు."

"నాలుగు కదా" అన్నాడు సాయిప్రసాద్.

నా చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. "నీకెట్ల తెలుసురా?"

"పోయిన వారం జరీ ఇచ్చేకి పోయినప్పుడు చూసినా. నాలుగుండె. ఒగటి పోయినాదేమో."

జవాబు సరిపోయింది. జరీ ఇచ్చి రమ్మని పంపింది నేనే. అయినా నేను పంచె మడతలోంచి ఫోన్ తీసి, ఒడిలోనే యామిని నంబరు నొక్కి, ఒకసారి మోగనిచ్చి పెట్టేశాను. వాడి ఫోన్ మీదే చూపు నిలిపి, ముద్ద తుంచి చారులో అద్దుకున్నాను.

కొంతసేపు ఏమీ లేదు. వీధిలో ఎవరో మోటారు బండి స్టార్టు చేసి పోయారు. వాడి ఫోన్ వెలగలేదు. కిటికీ గట్టు మీదిదీ వెలగలేదు. పొరపాటు నాదేనని, పేలిక ఇంకెక్కడి నుంచో వచ్చిందని, నా ఇల్లు నా ఇల్లేనని అనుకోబోయాను. ఎంత హాయిగా అనిపించిందో ఆ ఒక్క నిమిషం.

అప్పుడు టింగుమంది.

ఆ వెంటనే మోగడం మొదలైంది. సన్నగా, గుడ్డల మధ్య నుంచి వస్తున్నట్టు. యామిని మాట నిలబెట్టుకుంది. ఆగితే మళ్లీ, ఆగితే మళ్లీ. సాయిప్రసాద్ తన ఫోన్ తిప్పి చూసుకున్నాడు. "నాది కాదే" అంటూ తల ఎత్తి, చప్పుడు వచ్చే వైపు తిరిగాడు.

లోపలి గదిలో, తాళం వేసిన నా బీరువా మోగుతోంది.

నా చెయ్యి మొలతాడు మీదికి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది. మరి పోయిందన్న రెండోది? వాడు నోరు తెరుచుకుని బీరువా వైపే చూస్తున్నాడు.

ప్రేమలత అటు చూడలేదు. చారు గరిటె చేతిలో అట్లాగే పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది.

"మూడేనా ఉండేది?" అంది. "నాలుగోది ఏమైపోయినాది?"